పెంచినామె పోయిన కుక్క

“నాకు పిల్లకుక్క వద్దు బిడ్డా. ఈడు మీదపడ్డది ఏదన్నుంటే చూపియ్యి” అంది సత్తమ్మ.

బహదూర్‌పల్లిలో దిక్కులేని కుక్కలను సాకే షెడ్డు అది. దాన్ని చూసుకునే దేవేందర్ ఆమెను వింతగా చూశాడు. వచ్చిన వాళ్లంతా కూనలనే అడుగుతారు.

“తొమ్మిదేండ్లు సాదిన మా భూరాను. అది పోయి మూడు నెలలాయె” అంటూ ఆమె స్టూలు మీద కూర్చుంది.

భూరా శామీర్‌పేట చెరువు కట్ట మీద కళ్లు తెరవని కూనగా దొరికింది. పిల్లలు లేని ఇల్లు. సత్తమ్మ దేవరయాంజాల్‌లో చేపలు అమ్ముతుంటే గంప పక్కనే కూర్చునేది. ఆమె మంచంలోనే పడుకునేది. మొన్నటి వానాకాలంలో ఆమెకు ఆయాసం ముదిరింది. కుక్క వెంట్రుకలు పడటం లేదని, దాన్ని ఇంట్లోంచి పంపకపోతే ప్రాణం మీదికి వస్తుందని మేడ్చల్ డాక్టరు చెప్పాడు. దాన్ని పంపేకంటే తానే పోతానని సత్తమ్మ తెగేసి చెప్పింది. భర్త మైసయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం ఆమె ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మైసయ్య గడపలో కూర్చుని ఏడుస్తున్నాడు. భూరాను పాము కరిచిందట. కట్ట కింద పాతిపెట్టి వచ్చాడట.

సత్తమ్మకు ఏడుపు కూడా రాలేదు. అన్నం వేళకు చెయ్యి దానంతటదే భూరా గిన్నె అందుకునేది. మైసయ్య చూపిన మట్టికుప్ప దగ్గర రోజూ కాసేపు కూర్చునేది.

కొత్త మందు పనిచేసిందేమో, ఆయాసం మాత్రం తగ్గింది. ఇంకో కుక్కను తెచ్చుకుందామంటే మైసయ్య ఒప్పుకోలేదు.

“ఇంకో పానాన్ని మట్టిల పెట్టే దమ్ము నాకు లేదే” అన్నాడు.

తనకంటే అతనికే ఎక్కువ దుఃఖమని సత్తమ్మ అనుకుంది. అందుకే ఇవాళ చెప్పకుండా బస్సెక్కింది.

ముసలిది ఒకటుందని, సరిగా తినదని, ఎవరి దగ్గరికీ రాదని దేవేందర్ చెప్పాడు. దాన్ని పెంచినామె జబ్బుతో పోయిందట. భర్త తెచ్చి అప్పగించి, గేటు పట్టుకుని చాలాసేపు ఏడ్చి వెళ్లాడట.

“ఇంట్ల దీన్ని చూస్తుంటే ఆమెనే యాదికొస్తాందన్నడు. గిసుంటిదాన్ని సాదుడు నీతోని అయితదా అమ్మా?”

సత్తమ్మ గుండె కలుక్కుమంది. ఎవరామె? ఎంత ప్రేమగా చూసుకుందో, పోయేముందు దీని కోసం ఎంత కొట్టుకుందో. తనకు కుక్క పోయింది, ఈ కుక్కకు మనిషి పోయింది. భూరాకు ద్రోహం చేస్తున్నానేమోనని ఇన్ని రోజులుగా పీకుతున్న జంకు ఆ క్షణాన వదిలిపోయింది.

“తీస్కరా బిడ్డా. నేను సాదుకుంట. ఆ తల్లి ఆత్మ సల్లగుంటది.”

దేవేందర్ వెళ్లి వెనక గది గొళ్లెం తీశాడు. సత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

బయటికొచ్చింది భూరా.