బోలు ముక్కు గుండు

"ముందు తూటా సంగతి తేల్చు. తుపాకీ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు వెండెల్, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో కోరినట్టు తుపాకీ చేసిచ్చేవాడు వెండెల్ ఒక్కడే. ఏ తూటా వాడతారో తేలకుండా అతను ఇనుప ముక్క ముట్టుకోడు. పాదం కొలత లేకుండా చెప్పులు కుట్టమన్నట్టుంటుంది అంటాడు.

లైల్ చేతికర్ర గోడకు ఆనించాడు. చంకలోని పాత కాఫీ డబ్బా బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పేల్చేసిన తూటాల ఇత్తడి ఖోళ్లను మళ్లీ మందు కూరి వాడుకోవచ్చని అందరూ అలాంటి డబ్బాల్లోనే పోసుకొస్తారు. అందుకని వెండెల్ దాని వంక చూడనైనా లేదు.

"దూరం పోవాలి," అన్నాడు లైల్.

"ఎంత దూరం?"

"మా వెనక వసారాలోంచి ఎదురు కొండ నెత్తికి. పధ్నాలుగు వందల గజాలుంటుంది."

"అమ్మో! అయితే ఇది చూడు." వెండెల్ సొరుగులోంచి సన్నటి తూటా తీసి బల్ల మీద నిలబెట్టాడు. "ఆరున్నర క్రీడ్‌మూర్. గాలిని కోసుకుంటూ పోతుంది. మనలాంటి ముసలాళ్ల భుజాలకు నొప్పి తెలీదు."

లైల్ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి పెదవి విరిచాడు. "కొసనున్న గుండు మరీ సన్నం."

"పోనీ, మూడొందల మాగ్నమ్."

"ఇంకా లావుది. గుండు ముక్కు బోలుగా వుండాలి. లోపల ఎంత ఖాళీ వుంటే అంత మంచిది."

వెండెల్‌కు ఒళ్లు మండింది. "ఒరే, లావుగా, బోలుగా వుండే గుండు అంత దూరం పోదు. అంత దూరం పోయే గుండులో అంత ఖాళీ వుండదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలారా?"

"రెండూ కావాలి," అన్నాడు లైల్ మొండిగా.

"ముక్కు బోలుదైతే తగిలిన చోట విచ్చుకుని లోపలంతా చీల్చేస్తుంది. ఇంతకీ దేన్ని కొడతావు? దుప్పినా?"

"దేన్నీ కాదు."

"దేన్నీ కాకపోతే ఆ కొండ నెత్తిన ఏముందని?"

"పైన్ చెట్లున్నాయిగా. వాటి మధ్యలో పడాలి. అంతే."

వెండెల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆ చెట్ల కింద ఏముందో ఊరందరికీ తెలుసు. లైల్ ఒక్కగానొక్క కొడుకు డీన్ సమాధి అక్కడే వుంది. కిందటేడు ప్రెస్కాట్ అనే ఆసామి ఆ కొండంతా కొనేసి, దారికి గేటు పెట్టి తాళం వేశాడు. సాయంత్రమైతే గుర్రమెక్కి ఆ చెట్ల కిందే తిరుగుతాడు. 'నా కొడుకును చూసుకోనివ్వవురా?' అని లైల్ నడిబజార్లో అతని కాలరు పట్టుకుంటే, అతను పోలీసుల్ని పిలిచాడు. ఈ వసంతంలో లైల్ పెళ్లాం ఓపల్ కూడా పోయింది. అప్పట్నుంచి లైల్ పలకరించినా పలకడం లేదు.

ఇవాళ తనంతట తనే వచ్చి ఇంతసేపు మాట్లాడుతున్నాడంటే!

వెండెల్ గొంతు తగ్గించాడు. "తూటాలు ఎన్ని కావాలిరా?"

"ఈ డబ్బా ఖాళీ అయ్యేదాకా."

వెండెల్ గుండెల్లో రాయి పడింది. ఒక్కటి తగలకపోతే ఇంకోటి, అదీ కాకపోతే మరోటి! అయ్యో, చిన్నప్పట్నుంచి ఎరిగిన మనిషి. గాయపడ్డ జింక పిల్లను చూస్తే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. వీడికేం పోయేకాలం వచ్చిందని అనుకుంటూ, తూటాలన్నీ ఏరి సొరుగులో పడేసి తాళం వేశాడు.

"చెయ్యను. వెళ్లు."

"ఎందుకు చెయ్యవు?"

"ఎందుకా? ప్రెస్కాట్ దుర్మార్గుడే, కాదనను. అంతమాత్రాన వాణ్ణి చంపి నువ్వు జైల్లో చస్తావా? నేను చేసిన తుపాకీతో మనిషి ప్రాణం పోతే నాకిక నిద్ర పడుతుందా? ఓపలే బతికుంటే నీ మొహాన ఉమ్మేసేది!"

ఓపల్ పేరు వినగానే లైల్ గడ్డం వణికింది. డెబ్బయ్యేళ్ల మనిషి, బల్ల పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అయినా వెండెల్ సొరుగు తాళంచెవి మాత్రం గుప్పిట్లోనే బిగించుకున్నాడు.

"ఓపలే అడిగిందిరా," అన్నాడు లైల్ కళ్లు తుడుచుకుంటూ. "ఆఖరి రోజున నా చెయ్యి పట్టుకుని మరీ అడిగింది."

"ప్రెస్కాట్‌ను చంపమనా?"

లైల్ తల అడ్డంగా ఊపాడు. కాఫీ డబ్బాను మెల్లగా ముందుకు జరిపాడు.

"మూత తియ్యి."

వెండెల్ తీశాడు. లోపల ఇత్తడి ఖోళ్లు లేవు. అంచుదాకా మెత్తటి బూడిద వుంది.

"ప్రెస్కాట్ గేటు తియ్యడు, నేను కంచె దూకలేను. ఒక్కో గుండు బోలు ముక్కులో ఒక చిటికెడు పడితే చాలు వెండెల్, ఓపల్‌ను మా వాడి దగ్గర దిగబెడతాను."