కారణం అడగరాదు

“ఆ పదకొండు మందినీ తీసేస్తే మన లెక్క నిక్కచ్చిగా ఉంటుంది,” అన్నారు ప్రొఫెసరు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

నర్సు చేతిలో పదకొండు కాగితాలున్నాయి. పరిశోధన నుంచి ఇష్టపూర్వకంగా తప్పుకుంటున్నామని ఒప్పుకునే పత్రాలవి. చక్కెర జబ్బు కంటి లోపలి రక్తనాళాలను దెబ్బతీయకుండా కొత్త మాత్ర ఆపగలదా అన్నది పరిశోధన. అరవై ఒక్క మంది రెండేళ్లపాటు మాత్ర వేసుకున్నారు. చివరి పరీక్షకు యాభై మంది వచ్చారు. వారిలో నలభై ఆరుగురి కళ్లు ఏమాత్రం చెడలేదు. రాని పదకొండు మందీ, ఆస్పత్రి నుంచి మూడేసి ఉత్తరాలు రాసినా పలకలేదు.

ఎందుకు రాలేదో కనుక్కుంటే మంచిదేమోనని నర్సు నసిగింది.

“తగ్గినవాళ్లు ఆస్పత్రి గుమ్మం ఎందుకు తొక్కుతారమ్మా? పైగా నియమావళి అందరికీ చదివి వినిపించేది నువ్వే. తప్పుకునేవారిని కారణం అడగరాదు.”

నర్సు కాగితాలు సంచిలో పెట్టుకుని సంతకాల కోసం ఇళ్లకు బయల్దేరింది. ఆమె అక్కకూ ఇదే జబ్బు మొదలైంది. లేజర్ చేయించుకోమంటే, “నీ మాత్ర వస్తోందిగా, కళ్లు కాల్పించుకోవడం దేనికే?” అంటూ ఆరు నెలలుగా వాయిదా వేస్తోంది. సోమవారం నుంచి మాత్ర ఇప్పిస్తానని నర్సు మాటిచ్చింది.

మొదటి పత్రం ముసలి దర్జీది. ఇంటి తలుపు తట్టకముందే లోపలినుంచి, “నర్సమ్మా? నీ చెప్పుల చప్పుడు నాకు తెలీదూ?” అంటూ ఆయన నవ్వుతూ వచ్చి తీశాడు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. బల్ల మీద మూడు ఉత్తరాలూ అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. వాటిని స్వయంగా రాసిన నర్సుకు ఒళ్లు మండింది.

“కనీసం చించి చూడలేదేం పెద్దాయనా?”

“కోప్పడకు తల్లీ. మాత్ర మాత్రం ఒక్కపూటా మానలేదు. మీరంతా బాగా చూసుకున్నారు. ఇక నాకక్కడ పనేముంది?”

ప్రొఫెసరు అన్నది నిజమేనని ఆమెకు తోచింది. అక్క ముఖం గుర్తొచ్చి మనసు తేలికపడింది. కారణం రాసే గడి ఆ పత్రంలో లేదు. ఆమె అడగనూ లేదు. పత్రంలో ఉన్నది గడగడా చదివి, దాన్ని బల్ల మీద పరిచి, కలం ఆయన చేతికిచ్చింది.

“అడుగున సంతకం చేస్తే చాలు.”

ఆయన ముందుకు వంగి, చేతికుట్టు వేసినంత నింపాదిగా, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాడు.

అక్షరాలన్నీ కాగితం పక్కన, బల్ల చెక్క మీద పడ్డాయి.