కన్ను పలికిందా?

తలుపు తీయగానే కాఫీ ఒలికింది. సగం నేల మీద, సగం ఆమె తెల్లకోటు మీద.

“మళ్లీ మీరేనా తాతగారూ?”

“చేతులు నా మాట వినవమ్మాయ్. సరేగానీ, కన్ను పలికిందా?”

ప్రయోగశాల ముందు బల్ల మీద రోజూ కనిపించే ముసలాయన. పక్క విభాగంలో వణుకుజబ్బుకు మందు తీసుకోవడం, వచ్చి ఇక్కడ తిష్ఠ వేయడం.

ఎప్పుడూ చీకటిగదిలోనే ఉంటుందని ఆమెను అందరూ మిణుగురు అంటారు. దానంగా వచ్చిన కళ్లలోంచి రెటీనా పొరను విడదీసి, దానికి వెలుగు చూపించి, అది పంపే సంకేతాలను స్పీకరులో వినడం ఆమె పని. ఇన్నాళ్లూ విన్నది నిశ్శబ్దమే. ఈ నెలలో ఒక్క కన్నయినా పలక్కపోతే గదికి తాళమే అన్నారు పెద్దసారు.

“ఏం వేస్తావమ్మా దాంట్లో?”

“డోపమిన్. పసిపిల్లల కన్ను ఎంత పెరగాలో చెప్పేదీ అదే, వెలుగుకు తగ్గట్టు మన చూపును సర్దేదీ అదే.”

“నా చేతులకు కరువైందీ అదేనట. కంట్లో కూడా కరువే అంటావా? బూడిదరంగు మెట్టు మీద బూడిదరంగు పిల్లి కూర్చుంటే తొక్కేశాను. దాని గోళ్లు మాత్రం బాగానే కనబడ్డాయి.”

నవ్వొచ్చింది. ఆపుకుంది.

“పనుంది తాతగారూ. రోజూ ఇలా అడ్డం పడకండి.”

“పలికిన రోజు చెప్పు. ఆ తర్వాత రమ్మన్నా రాను.”

తర్వాతి వారమంతా బల్ల ఖాళీ. హమ్మయ్య అనుకుంది.

ఒక ఉదయం ఐసుపెట్టెలో కొత్త కళ్లు వచ్చాయి. పొర పరిచింది. డోపమిన్ చుక్క వేసింది. వెలుగు మీట నొక్కింది.

టప్.

స్పీకరుకు చెవి ఆనించింది.

టపటప... టపటపటప... రేకుల మీద వాన పడ్డట్టు గదంతా మోత.

“సార్, పలికింది!”

పెద్దసారు చెప్పులు కూడా మరిచి పరుగెత్తుకొచ్చారు.

“డోపమిన్ బాగా ఎండిపోయిన కన్నిది. అందుకే చుక్క పడగానే ఇలా అందుకుంది. నీ గది నిలిచింది మిణుగురూ.”

ఎవరికైనా చెప్పాలి. అందరికంటే ముందు ఆ ముసలాయనకి. ఒక్క గెంతులో బయటపడింది.

బల్ల మీద ఎవరో పెద్దావిడ. ఒళ్లో అదే కాఫీ ఫ్లాస్కు.

“అమ్మాయ్, కన్ను పలికిందా? అడగమన్నారు ఆయన.”

“పలికింది బామ్మగారూ, వాన కురిసినట్టు పలికింది. తాతగారేరి? నేనే చెప్తాను.”

తెరిచి ఉన్న తలుపులోంచి వస్తున్న ఆ టపటపను ఆవిడ కాసేపు వింది.

“పొద్దున ఐసుపెట్టెలో వచ్చినవి ఆయన కళ్లే కదమ్మా.”