మూడో సిలిండర్లో చప్పుడు

"మాస్టారూ, మీరు వెళ్లిపోతే ఈ ఫ్యాక్టరీకి చెవుడొచ్చినట్టే," అంటూ మేనేజరు రాజీనామా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

ఫ్యాక్టరీలో అందరూ చెవి మాస్టారని పిలిచే ఆయన వచ్చిన దారినే టెస్టింగ్ గదికి వెళ్లిపోయాడు.

ఆ గదికి కిటికీ లేదు. రొద బయటికి పోకుండా గోడల నిండా మందపాటి స్పాంజి అతికించారు. తలుపు వేశాక లోపల మిగిలేది ఒక ఇంజను, ఒక మనిషి, పెట్రోలు వాసన. ఆయన సగం జీవితం అందులోనే గడిచిపోయింది.

అక్కడ తయారయ్యేవి చిన్న కార్ల ఇంజన్లు. అన్నీ ఒకే కుటుంబం, ఒకే అచ్చులోంచి వచ్చినవి, అన్నిటికీ నాలుగే సిలిండర్లు. వెయ్యి సీసీది పెద్దోడు. పన్నెండు వందలది నడిపోడు. పదహారు వాల్వులది చిన్నోడు. చిన్నోడికే టర్బో తగిలిస్తే అల్లుడు. టర్బో బయటి కంపెనీ నుంచి వస్తుంది కాబట్టి ఆ పేరు. పైగా ఏ మాత్రం తేడా వచ్చినా అలుగుతాడు.

వీళ్లందరికీ వంశపారంపర్యంగా ఒక జబ్బుందని ఫ్యాక్టరీలో ఊడ్చేవాడి దగ్గర్నుంచి చైర్మన్ దాకా అందరికీ తెలుసు. ఇంజను బాగా వేడెక్కాక మూడో సిలిండర్లో సన్నటి చప్పుడొస్తుంది. అలాంటి ఇంజను రోడ్డెక్కితే ఏడాది తిరక్కుండా చతికిలబడుతుందట. ఆ చప్పుడు ఏ మీటరుకీ దొరకదు. చెవి మాస్టారు మాత్రం పొడవాటి ఇనుప కడ్డీ ఒక కొస ఇంజనుకీ, రెండో కొస చెవికీ ఆనించి కళ్లు మూసుకుంటాడు. తల అడ్డంగా ఊపితే ఆ ఇంజను మొత్తం విప్పి మళ్లీ బిగించాల్సిందే.

ఆ పనే ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకుంది.

అరవై దాటగానే వెళ్లిపోతానన్నాడు. సరిగ్గా అప్పుడే చిన్నోడు తయారయ్యాడు. "వీడిలో ఆ చప్పుడు లేదు," అని చెప్పి చూశాడు.

"ఇవాళ లేకపోతే రేపు రావచ్చుగా! మీరు కనిపెట్టుకుని ఉండాల్సిందే," అన్నాడు మేనేజరు.

తర్వాత అల్లుడొచ్చాడు. ఈసారి ఉందన్నాడు.

"చూశారా! మీరు లేకపోతే కొంప మునిగేది," అన్నాడు అదే మేనేజరు.

ఉందన్నా చిక్కే, లేదన్నా చిక్కే.

భార్య దూరంగా కొండ మీది ఊళ్లో ఉంటోంది. ఈ పొగలో ఉంటే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు తేల్చి చెప్పాక, ఆవిణ్ణి అక్కడ చిన్న అద్దె ఇంట్లో దింపి, నెల తిరిగేలోపు వచ్చేస్తానని మాటిచ్చి వచ్చాడు. రెండు చలికాలాలు గడిచిపోయాయి.

ఆ మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది. "ఏమండీ... వదిలారా?" మాటకీ మాటకీ మధ్య పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

"ఇంకొక మనిషికి నేర్పించి వెళ్లమంటున్నారు."

"చెప్పాపెట్టకుండా వచ్చెయ్యండి. వాళ్ల ఇంజన్ల గోల వాళ్లు పడతారు."

"అలా కుదరదు. నీకు తెలీదు."

"నిన్న మెట్ల మీద కూలబడిపోయాను. లేపే దిక్కు లేదు," అంది ఆవిడ.

ఆయనకి ఏడుపొచ్చింది. ఏదో పనున్నట్టు ఫోన్ పెట్టేశాడు.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. పెద్ద చదువుల కుర్రాళ్లొచ్చారు. సంగీతం వచ్చిన వాడొకడొచ్చాడు. అందరూ కడ్డీ చెవికి ఆనించుకున్నారు, కళ్లు మూసుకున్నారు, చివరికి ఒకటే మాట చెప్పారు: "ఏం వినపడట్లేదు సార్."

"కాస్తయినా వినపడట్లేదా? సరిగ్గా విను నాయనా," అని మాస్టారు బతిమాలేవాడు. "వినపడిందంటే నీ సొమ్మేం పోయింది?" అని ఒకడి మీద విసుక్కున్నాడు కూడా. వాళ్లు బిక్కమొహాలు వేసుకుని వెళ్లిపోయేవారు.

ఈసారి ఒకామె వచ్చింది. పక్క ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడిన మనిషి. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు. మేనేజరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదే ఆఖరు. ఈవిడకి వినపడకపోతే ఈవిణ్ణి పంపించేస్తాం. మాస్టారూ, మీరిక ఊరి మాట మర్చిపోండి," అన్నాడు.

మాస్టారు అల్లుణ్ణి స్టార్ట్ చేశాడు. బాగా వేడెక్కనిచ్చి కడ్డీ ఆమె చేతికిచ్చాడు.

ఆమె కళ్లు మూసుకోలేదు. కడ్డీ చెవికి ఆనించుకుని మాస్టారి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆయన పెదవులు అదురుతున్నాయి. ఆమె గుమ్మంలో ఉన్న మేనేజరు వైపు ఒకసారి చూసింది. మళ్లీ మాస్టారిని చూసింది.

"వస్తోంది సార్," అంది చివరికి. "మూడో దాంట్లోనే. గోటితో గిన్నె అంచు మీద తట్టినట్టు."

"అదే! అదే తల్లీ!" అన్నాడు మాస్టారు.

మేనేజరు పొంగిపోయాడు. "ఎన్నాళ్లని మిమ్మల్ని కట్టేసి ఉంచుతాం? వెళ్లిరండి మాస్టారూ. మీ విద్య ఈవిడకి దక్కింది, మాకదే చాలు," అన్నాడు.

ఆమె అప్పటికే స్పాంజి గోడల వంక, కిటికీ ఉండాల్సిన చోటు వంక చూస్తోంది. మాస్టారు ఆమెకి చేతులెత్తి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. వెనక తలుపు మూసుకుంది.

గేటు దాటగానే భార్యకి ఫోన్ చేశాడు. "బయల్దేరాను. రాత్రికి అక్కడుంటాను," అన్నాడు. అవతల ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

అప్పుడెప్పుడో సగం మందిని ఇంటికి పంపించేస్తున్నారని తెలిసి, తన ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనన్న భయంతో తాను అప్పటికప్పుడు కల్పించి చెప్పిన ఆ చప్పుడుని, ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా వినలేదు.