ఎదురుచూపుల కొలత

లుమీర్ మళ్లీ కార్డు పెట్టాడు. తలుపు పక్కనున్న దీపం ఎర్రగానే ఉంది.

"పెట్టకు అబ్బాయ్," అంది అతని జట్టులోనే పనిచేసే పెద్దావిడ వ్లాస్తా, కుర్చీలోంచి లేవకుండానే. "నువ్వు పెట్టినప్పుడల్లా ఆ మెషీన్‌కి ఇంకో పని తగులుతుంది. అసలే ఊపిరాడక చస్తోంది."

మూడు దాటింది. నాలుగింటికి వియన్నా బండి. అందులో అతని భార్య యిట్కా వెళ్లిపోతోంది.

బ్రనో స్టేషన్ ఇక్కడికి ట్రామ్‌లో పావుగంట. అతను ప్లాట్‌ఫారం మీద కనిపిస్తే చాలు, ఆమె దిగిపోతుంది. ఇదివరకు అలాగే దిగింది. పెట్టె అతని చేతికిచ్చి, మాటా పలుకూ లేకుండా వెనకే నడిచింది.

కానీ ఇవాళ అతను నేలమాళిగలో, మెషీన్ల గదిలో ఇరుక్కుపోయాడు. ఫోనుకు సిగ్నల్ అందదు. శుక్రవారం కదా, పైన అందరూ ఎప్పుడో వెళ్లిపోయారు. అరిచినా ఆ ఫ్యాన్ల హోరులో కలిసిపోవాల్సిందే.

కోటు వేసుకుని బయల్దేరుతుంటే వ్లాస్తా పిలిచింది. కొత్త ప్రోగ్రామ్‌లు నడిపి చూసే పరీక్ష మెషీన్లో నీ అంకె వింతగా ఉంది, రెండు నిమిషాలు చూసిపో అంది. ఆ మాటంటే అతను ఆగలేడు. వాళ్లు లోపలికి వచ్చాక తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకోలేదు.

కంప్యూటర్ అడుగున ఉండి అన్నిటినీ నడిపించే కెర్నెల్‌లో, మెమరీ చాలక పనులు ఎంతసేపు ఆగిపోతున్నాయో కొలిచే భాగం అతను రాసిందే. ఇరుకు వంటింట్లో ఒకే బల్ల ఉన్నట్టు ఊహించుకోవాలి. కొత్త గిన్నె పెట్టాలంటే పాతది దించాలి. దించింది మరుక్షణమే కావాలి. ఎత్తడం, దించడంతోనే సరిపోతుంది, వంట సాగదు. బల్ల ఎంత నిండిందని కాదు, వంటమనిషి ఎంతసేపు చేతులు కట్టుకుని నిలబడిందో అతని అంకె చెబుతుంది. ఇప్పుడది నూటికి తొంభై ఎనిమిది.

తాము వండింది ముందు తామే తినాలని, అంటే రాసింది ముందు తామే వాడాలని అతని జట్టు పట్టుదల. అందుకే ఆఫీసు దీపాలు, కాఫీ యంత్రం, ఈ తలుపు తాళం, అన్నీ ఆ పరీక్ష మెషీన్ మీదే నడుస్తాయి. అది ఉక్కిరిబిక్కిరైతే తలుపూ అంతే.

లుమీర్ కీబోర్డు మీద పడ్డాడు. కొట్టిన అక్షరం తెర మీదికి రావడానికే యుగం పడుతోంది. ప్లగ్గు పీకేస్తానన్నాడు. పీకితే తాళం అలాగే బిగుసుకుపోతుందని వ్లాస్తా గుర్తుచేసింది. తన లాప్‌టాప్‌కి గోడలోంచి నెట్ తీగ ఉంది కాబట్టి గేటు దగ్గర కాపలాదారుకి రాశానని, జవాబు రావాలని చెప్పింది.

ఆ గది చలికి అతను చేతులు రుద్దుకుంటున్నాడు. ఆమె మందపాటి స్వెటర్ వేసుకుని వచ్చింది. ఫ్లాస్కులోంచి టీ వంచి, గసగసాల బన్ను ఒకటి అతని చేతిలో పెట్టింది.

"ఇంట్లో గొడవా?"

"గొడవేం లేదండీ. ఆర్నెల్లుగా ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అంత నెమ్మదిగా ఉన్న మనిషి టికెట్ ఎందుకు కొన్నదో. పొద్దున తన మెయిల్ చూస్తుంటే కనిపించింది."

"తన మెయిల్ నువ్వు చూస్తావా?"

"రోజూ చూస్తాను. తనకు లోకం తెలీదండీ. నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

వ్లాస్తా ఫ్లాస్కు మూత బిగించింది. పెళ్లికి ముందు యిట్కా ఈ జట్టులోనే ఆమె పక్క కుర్చీలో పనిచేసేది. పెళ్లయ్యాక లుమీర్ మాన్పించాడు.

"నన్ను వదిలి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు," అంది వ్లాస్తా. "స్టేషన్ దాకా వెళ్లి సాగనంపానే గాని, ఎవర్నీ దింపుకుని రాలేదు."

"అందుకే మీరు ఒక్కరే మిగిలారు."

ఆమె నవ్వి, అతని కప్పులో ఇంకొంచెం టీ పోసింది.

గోడ గడియారం నాలుగుకు దగ్గరపడింది. అతను తలుపును భుజంతో గుద్దాడు, కాలితో తన్నాడు. ఇనుప తలుపు, ఉలకలేదు. నుదురు దానికే ఆనించి నిలబడిపోయాడు.

అప్పుడు అంకె కదిలింది. తొంభై. అరవై. పది. సున్నా.

"హమ్మయ్య, సర్దుకుంది," అంది వ్లాస్తా.

లుమీర్ కార్డు పెట్టాడు. ఎర్ర దీపం మారలేదు. అతను తెర వైపు తిరిగాడు.

"సున్నా అంటే సర్దుకున్నట్టు కాదండీ. ఎదురుచూసేవాళ్లు లేరని అర్థం. మరీ ఊపిరాడకపోతే కెర్నెల్ ఎవరో ఒకర్ని చంపేస్తుంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దమే. తలుపు నడిపే ప్రోగ్రామ్ పోయినట్టుంది."

"నిశ్శబ్దాన్ని చూసి నమ్మకూడదంటావు."

"ఎప్పుడూ నమ్మకూడదు. కొత్తవాళ్లంతా చేసే తప్పే అది."

"ఆ సంగతి నీకు బాగా తెలుసన్నమాట."

అతను వినిపించుకోలేదు. కీబోర్డుకు ప్రాణం వచ్చింది. పోయిన ప్రోగ్రామ్‌ను మళ్లీ లేపితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. టాక్సీ దొరికితే, బండి ఓ అయిదు నిమిషాలు ఆలస్యమైతే... గబగబా వెతికాడు. చనిపోయినవాటిలో దాని పేరు లేదు. బతికున్నవాటిలోనూ లేదు. వేళ్లు ఆగిపోయాయి. అసలది ఈ మెషీన్లోనే లేదు. పొద్దున్నే ఎవరో ఇక్కణ్ణుంచి తీసి వేరేచోటికి మార్చేశారు.

"మరి ఈ తలుపు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?" అన్నాడు వెనక్కి తిరుగుతూ.

గడియారం నాలుగు దాటింది. వ్లాస్తా ఒళ్లోని లాప్‌టాప్ మోగింది. కాపలాదారు జవాబేనేమోనని లుమీర్ ఆమె భుజం మీదుగా వంగి చదివాడు:

"బండి కదిలింది అక్కా, ఇక ఆయనకి తలుపు తియ్యి. యిట్కా."