గడప బయట ఐదు

ముసలావిడ పాప మణికట్టు పట్టుకుని అరిచింది.

"అక్కడ కాదు! ఐదు గడప బయట కూర్చోవాలి. లే!"

పాప బిక్కచచ్చిపోయింది. మెడలో మందుల అట్టపెట్టె ముక్క వేలాడుతోంది. దాని మీద 5 అంకె. రెండో చేతికి సెలైన్ సూది.

పిల్లల వార్డులో ఆట ఆగిపోయింది.

ముసలావిడ రోజూ మధ్యాహ్నం వచ్చేది. పిల్లలకి ఐస్‌క్రీం పుల్లలు పంచేది. పది పుల్లలు కాగానే రబ్బరు బ్యాండు వేసి కట్ట కట్టాలి, ఆ కట్టని పక్కింటికి పంపాలి. ఒకట్ల ఇల్లు, పదుల ఇల్లు, వందల ఇల్లు. ఇళ్లంటే మూడు స్టూళ్లు. మెడలో అంకెలు వేసుకున్నవాళ్లు వాటి మీద కూర్చుంటే, మంచాల మీద ఉన్నవాళ్లు ఆ సంఖ్యని పైకి చదవాలి.

సున్నా వచ్చినవాడు అలిగేవాడు.

"నువ్వు లేచావంటే మూడువందల ఐదు కాస్తా ముప్పై ఐదైపోతుందిరా నాయనా. కదలకు," అనేది.

పిల్లలు ఆవిడకి పుల్లల అమ్మమ్మ అని పేరు పెట్టారు. నర్సులు ఎవరి అమ్మమ్మో అనుకున్నారు. ఏ మంచం తాలూకు అమ్మమ్మో ఎవరూ అడగలేదు.

ఆ రోజు కొత్త ఆట. నేల మీద బ్యాండేజి గుడ్డ పరిచి, పాయింట్ అంటే ఈ గడపే అంది. గడప లోపల స్టూలు ఒకట్లది. బయట స్టూలు పదో వంతులది.

"లోపల కూర్చుంటే నిండు మనిషి. బయట కూర్చుంటే మనిషిలో పదో ముక్క. ఇప్పుడు సున్నా పాయింట్ ఐదు. కూర్చోండి."

సున్నా లోపల, ఐదు బయట కూర్చోవాలి. పాప పరుగున వెళ్లి లోపల కూర్చుంది.

అందుకే ఆ అరుపు.

పాప తల్లి మంచం దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"చెయ్యి వదులు! ఆ సూది ఊడితే మళ్లీ ఎవరు పొడుస్తారు, నువ్వా?"

ముసలావిడ వదిలేసింది.

"తప్పు చోట కూర్చుందమ్మా."

"కూర్చుంటే? కొంపలంటుకుంటాయా?"

"అంటుకుంటాయి తల్లీ."

"దాని గుండెలో చిల్లు. బతుకుతుందో లేదో తెలీక నేను చస్తుంటే, నీకు లెక్కలు కావాల్సొచ్చాయా?"

పాప అప్పుడు ఏడ్చింది. హెడ్ సిస్టరు ఇంకో నర్సుని వెంటబెట్టుకుని మందుల ట్రేతో వచ్చింది.

"ఎవరి తాలూకమ్మా నువ్వు?"

"ఎవరి తాలూకూ కాదు."

"అయితే రేపట్నుంచి గేటు లోపలికి రాకు."

నర్సులిద్దరూ పాప మందు చీటీని ఒకరి తర్వాత ఒకరు పైకి చదివారు. ఆ తర్వాతే సిరంజిలోకి తీశారు.

"ఒక్క మందుకి ఇంత పారాయణమా సిస్టర్?" అంది తల్లి. కోపం ఇంకా దిగలేదు.

"మా దగ్గర రూలమ్మా. వెనకటికి ఈ వార్డులోనే ఒక నర్సు పాయింట్ చూసుకోకుండా పది రెట్లు ఎక్కించింది. పిల్ల పోయింది."

"అలాంటిదాన్ని ఉరి తియ్యాలి."

నేల మీద పుల్లలు ఏరుకుంటున్న ముసలావిడ తలెత్తలేదు.

"నిజమే తల్లీ," అంది.

బ్యాండేజి గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు గేటు బయట, వార్డు కిటికీకి ఎదురుగా ఉన్న గోడ కింద కనిపించింది. పిల్లలు కిటికీకి అంకెలు ఆనించి చూపించారు. ఆవిడ కింద నుంచి చేతివేళ్లతో జవాబు చెప్పింది. హెడ్ సిస్టరు కర్టెన్ వేయించింది.

పాపని ఇంటికి పంపారు. మందు ఇంట్లో నోట్లో పట్టాలి. ఆస్పత్రి వాళ్లిచ్చిన చిన్న సిరంజి కాలికింద పడి పగిలింది. తల్లి వీధి చివర దుకాణంలో ఇంకోటి కొన్నది. అది పెద్దది.

పొద్దున సీసా మీద మోతాదు చూసింది. ఐదు కనబడింది. ఐదు గీత దాకా లాగింది.

"నోరు తెరువు."

పాప తెరవలేదు. సీసా మీద వేలు పెట్టి పైకి చదివింది.

"సున్నా... పాయింట్... ఐదు. అమ్మా, ఐదు గడప బయటుంది. నువ్వు లోపలికి తెచ్చేశావు."

"మందు దగ్గర ఆటలేంటే? ఎంతసేపు? తెరువు!"

"నేనూ అలాగే కూర్చున్నాను. అందుకేగా అమ్మమ్మ చెయ్యి పట్టి లేపింది!"

తల్లి చెయ్యి ఆగింది. సీసా చూసింది. సిరంజి చూసింది. రెండూ పట్టుకుని దుకాణానికి పరుగెత్తింది.

దుకాణం అతను సిరంజిని వెలుగులో పెట్టి చూశాడు.

"పట్టేశారా?"

"లేదు."

"పట్టుంటే మీరు ఇక్కడిదాకా రానక్కర్లేకపోయేది," అన్నాడు. సిరంజిలో మందంతా కాలవలో పోశాడు.

మళ్లీ చూపించే రోజు వచ్చింది. పాప పది పుల్లలకి రబ్బరు బ్యాండు వేసి తెచ్చుకుంది. తల్లి లోపలికి వెళ్లకుండా ముందు గోడ దగ్గరికి నడిచింది. అక్కడ ఎవరూ లేరు.

వార్డులో హెడ్ సిస్టరుని అడిగింది.

"పోయిందమ్మా. ఆ గోడ కిందే. తాలూకు మనుషులెవరూ రాలేదు. శవం కాగితాల మీద సంతకం నేనే పెట్టాను."



"చెయ్యి పట్టుకోవాలని వచ్చాను సిస్టర్. మా పాప బతికుందంటే ఆవిడ చలవే. టీచరుగా చేసేదా?"

"కాదు. మా పాత డాక్టరుగారు మార్చురీలో చూసి గుర్తుపట్టారు. నాకూ అప్పుడే తెలిసింది."

"ఎవరు?"

హెడ్ సిస్టరు పాప చేతిలో పుల్లల కట్టని చూస్తూ చెప్పింది.

"ఉరి తియ్యాలన్నారే, ఆ నర్సు."