చెక్క సవతి

సాయంత్రమయ్యేసరికి మొగుడు గిటార్ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటుతుంటే, ఇంట్లోనే బట్టలు కుట్టే ఆ ఇల్లాలికి ఒళ్ళు మండిపోయేది.

"మళ్ళీ క్లాసా?"

"బ్లూస్ సంగీతం అంటే మాటలా! ఏడుపు తెలిసినవాడికే వస్తుంది," అనేవాడు అద్దంలో తల దువ్వుకుంటూ.

"ఇంట్లో ఓసారి వాయించొచ్చుగా?"

"పూర్తిగా రాకుండా ఎవరికీ వినిపించకూడదు. మా మాస్టారి షరతు."

వంట చల్లారిపోయాక ఈల వేసుకుంటూ వచ్చేవాడు. పడుకునేవాడు. ఒకప్పుడు తనతో చెప్పే కబుర్లన్నీ ఆ సంచీయే మోసుకుపోయినట్టుండేది ఆమెకి. నమ్మించి మోసం చేశాడని కుమిలిపోయేది. ఆడదైతే జుట్టు పట్టుకుని అడగొచ్చు, చెక్కముక్కని ఏమని అడుగుతుంది?

చివరికి రోషం పుట్టుకొచ్చింది. ఆ విద్యేదో తనూ నేర్చుకుంటే పోలా! అప్పుడైనా సాయంత్రాలు ఇద్దరూ ఒకచోట కూర్చుంటారు.

అతను ఆఫీసుకి వెళ్ళగానే అదే గిటార్ పట్టుకుని మేడమీది వాటాలోకి ఎక్కేది. అక్కడ ఉండే పెద్దాయన ఒకప్పుడు బ్యాండులో వాయించినవాడు.

"శ్రుతి ఇంతలా దిగిపోయిందేంటమ్మా?"

"ఆయన ఇంకా నేర్చుకుంటున్నారు బాబాయిగారూ," అని మొగుణ్ణి వెనకేసుకొచ్చింది.

"సరే. బొటనవేలు మాత్రం ఆగకూడదు. ఇల్లు నడిపినట్టు నడుస్తూనే ఉండాలి. మిగతా వేళ్ళు ఏడిస్తే ఏడవనీ."

ఇనపతీగలు ఎడమచేతి వేళ్ళని కోసేసేవి. సూదిపోట్లకి అలవాటుపడ్డ మనిషికే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"ఓర్చుకో. కాయలు కాస్తే నొప్పుండదు. అవి కాయకుండా ఈ విద్య ఎవరికీ రాలేదు."

కాశాయి. పట్టుగుడ్డ ముట్టుకుంటే పోగులు లేచొచ్చేంత గరుకు.

ఓ సెలవురోజు సాయంత్రం అతను సంచీ అందుకోబోతే, ఆమె ముందుగా లాక్కుంది. కుర్చీలో కూర్చుని వాయించింది. ఒంటరిగా గడిపిన సాయంత్రాలన్నిటి ఉసురూ ఆ తీగల్లోంచి బయటికొచ్చింది. అతను కొయ్యబారిపోయాడు.

"ఎ... ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"మీకు చెప్పకుండానే! మీ అంత బాగా రాదనుకోండి."

అతను చేతులు జేబుల్లో దోపుకున్నాడు.

"చూడండి, నా వేళ్ళే ఇలా బండబారితే మీవి ఇంకెంత గట్టిపడ్డాయో!" అని నవ్వుతూ అతని ఎడమచెయ్యి లాక్కుని తడిమింది, వేళ్ళ కొసలు వెన్నలా మెత్తగా ఉన్నాయి.